గుండెకూ విద్యుత్తుకూ నడుమ

మానవ శరీరంలో జీవితాంతం విశ్రాంతి ఎరుగని అవయవం హృదయం. అది ముడుచుకొని విచ్చుకొనే ప్రతిసారీ అందులోని కండర కణాలలో స్వల్పమైన విద్యుత్ తరంగం పుట్టి వ్యాపిస్తుంది. ఆ తరంగం చర్మం మీదికి చేరేసరికి దాని పరిమాణం సుమారు ఒక మిల్లీవోల్టు మాత్రమే. అంటే అది వోల్టులో వెయ్యవ వంతు. గోడ గడియారంలో అమర్చే 1.5 వోల్టుల ఘటం దీనికంటె పదిహేను వందల రెట్లు బలమైనది. ఇంతటి సున్నితమైన సంకేతాన్ని పట్టి, గోరంతను కొండంత చేసి, కాగితం మీద గీతగా చూపే యంత్రాన్నే వాడుకలో ఈసీజీ యంత్రం అంటారు.

ఈ యంత్రానికి కావలసిన శక్తి సాధారణంగా గోడకు అమర్చిన ప్లగ్గు నుండి వస్తుంది. భారతదేశంలో గృహాలకూ, వైద్యశాలలకూ అందే విద్యుత్తు 230 వోల్టుల, 50 హెర్ట్జ్ పౌనఃపున్యం గల ఏకాంతర విద్యుత్తు. ఒకవైపు ఒక మిల్లీవోల్టుతో పలికే గుండె, మరొకవైపు దానికి రెండు లక్షల ముప్పై వేల రెట్లు అధికమైన వోల్టేజి. ఈ రెండూ ఒకే యంత్రంలో ఇమిడి ఉండాలి. అయినా ఒకదానినొకటి తాకరాదు.

ఈ చిక్కుకు సాంకేతిక శాస్త్రం చూపిన పరిష్కారం వివిక్త వర్ధకం. ఇంజనీర్లు దీనిని ఐసోలేషన్ ఆంప్లిఫయర్ అని వ్యవహరిస్తారు. వివిక్తం అంటే వేరు చేయబడినది అని అర్థం. రోగిని తాకే వలయాన్ని మిగిలిన యంత్రం నుండి వేరు చేసి ఒక ద్వీపంవలె నిలపడం దీని లక్షణం. అయితే ఆ ద్వీపానికి శక్తిని ఏ విధంగా చేరవేయాలి? చేరిన శక్తిలోని అలజడిని ఏ విధంగా అణచాలి? ఈ రెండు ప్రశ్నలకూ సరియైన సమాధానం లభించినప్పుడే ఆ రక్షణ సార్థకమవుతుంది. రెండు సమాధానాలలోనూ ప్రధాన పాత్ర వహించేది కెపాసిటర్ అనే చిన్న పరికరం. అది ఉన్న చోటును బట్టి ఒకప్పుడు మిత్రుడు, మరొకప్పుడు శత్రువు.

లేడెన్ నగరపు రెండు కానుకలు

కెపాసిటర్, ఈసీజీ అనే రెండింటి చరిత్రా నెదర్లాండ్స్ దేశంలోని లేడెన్ నగరంతో ముడిపడి ఉండడం విశేషం. 1745లో పొమరేనియా ప్రాంతానికి చెందిన ఎవాల్డ్ ఫాన్ క్లైస్ట్, ఆ వెనువెంటనే లేడెన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు పీటర్ వాన్ ముషెన్‌బ్రూక్ ఒకరి కృషితో ఒకరికి సంబంధం లేకుండానే, గాజుపాత్రలో విద్యుదావేశాన్ని నిలువ చేయవచ్చునని కనుగొన్నారు. నీరు నింపిన గాజుపాత్ర, నీటిలో మునిగిన లోహపు తీగ, పాత్రను వెలుపలి నుండి పట్టుకొన్న చేయి. ఆ పరికరంలో ఉన్నది ఇంతే. దానిని తాకిన ముషెన్‌బ్రూక్ తీవ్రమైన విద్యుదాఘాతానికి లోనై, 1746లో ఆ అనుభవాన్ని పారిస్‌లోని శాస్త్రవేత్త రియోమూర్‌కు లేఖ ద్వారా తెలియజేశాడు. ఆ పాత్ర లేడెన్ జాడీగా ప్రసిద్ధి పొందింది. తొలి కెపాసిటర్ అదే.

రెండు వాహకాలను ఎదురెదురుగా నిలిపి, వాటి నడుమ విద్యుత్తును పోనివ్వని బంధకాన్ని ఉంచినచో కెపాసిటర్ ఏర్పడుతుంది. దీనికి రెండు ముఖ్య గుణాలున్నవి. మొదటిది, విద్యుదావేశాన్ని దాచుకొని అవసరమైన క్షణంలో అందించడం. రెండవది, నిలకడగా ఉండే ఏకముఖ విద్యుత్తును అడ్డగించి, మారుతూ ఉండే ఏకాంతర విద్యుత్తుకు దారి ఇవ్వడం. పౌనఃపున్యం పెరిగిన కొద్దీ ఆ దారి మరింత సుగమమవుతుంది. దీని సామర్థ్యాన్ని కొలిచే ప్రమాణానికి మైకేల్ ఫారడే పేరు మీదుగా ఫారడ్ అని పేరు పెట్టారు. అది మిక్కిలి పెద్ద ప్రమాణం కనుక, అందులో పది లక్షలవ వంతైన మైక్రోఫారడ్, లక్ష కోట్లవ వంతైన పికోఫారడ్ వ్యవహారంలో ఉన్నవి.

లేడెన్ జాడీ పుట్టిన ఒకటిన్నర శతాబ్దం తరువాత అదే విశ్వవిద్యాలయంలో విల్లెమ్ ఐంథోవెన్ హృదయ విద్యుత్తును కొలిచే పరికరాన్ని నిర్మించాడు. 1887లోనే అగస్టస్ వాలర్ లండన్‌లో మానవ హృదయపు విద్యుత్ తరంగాన్ని నమోదు చేసినప్పటికీ, ఆ గీత స్పష్టంగా ఉండేది కాదు. ఐంథోవెన్ వెండిపూత పూసిన సన్నని స్ఫటిక తంతువును బలమైన విద్యుదయస్కాంతపు ధ్రువాల నడుమ వ్రేలాడదీశాడు. హృదయపు విద్యుత్తు ఆ తంతువులో ప్రవహించినప్పుడు అది స్వల్పంగా కదిలేది. ఆ కదలికను కాంతి సాయంతో పెద్దదిగా చేసి ఛాయాచిత్రంగా గ్రహించేవారు. ఆ యంత్రం బరువు సుమారు 270 కిలోగ్రాములు. దానిని నడపడానికి ఐదుగురు మనుషులు కావలసి వచ్చేది. రోగి తన చేతులను, కాలిని ఉప్పునీటి పాత్రలలో ముంచి కూర్చుండేవాడు. ఈ కృషికి 1924లో ఐంథోవెన్‌కు నోబెల్ బహుమతి లభించింది.

తరువాతి కాలంలో ఎలక్ట్రానిక్ వర్ధకాలు వచ్చి యంత్రం చిన్నదైనది. అది గోడ ప్లగ్గు మీద ఆధారపడడం ఆరంభమైనప్పుడు కొత్త సమస్య తలయెత్తింది. గుండె సంకేతం యంత్రంలోకి వచ్చే తీగ వెంటనే, యంత్రంలోని విద్యుత్తు గుండెలోకి వెళ్ళే అవకాశం కూడా ఏర్పడింది. దారి ఒక్కటే అయినప్పుడు రాకకూ పోకకూ అదే సాధనమవుతుంది.

ఎంత విద్యుత్తు ప్రమాదకరం?

చేతివేళ్ళ ద్వారా ఒక మిల్లీ ఆంపియర్ విద్యుత్తు ప్రవహించినచో మనిషికి చిన్న జలదరింపు తెలుస్తుంది. పది, పదిహేను మిల్లీ ఆంపియర్ల వద్ద కండరాలు బిగుసుకొనిపోయి, పట్టుకొన్న తీగను విడువలేని స్థితి కలుగుతుంది. వంద మిల్లీ ఆంపియర్ల సమీపానికి చేరినచో గుండె లయ తప్పి, కొట్టుకొనడానికి మారుగా ఊరక వణకడం మొదలుపెట్టవచ్చు. దానితో రక్తప్రసరణ ఆగిపోతుంది.

ఈ లెక్కలన్నీ చర్మం అనే సహజ కవచం ఉన్నప్పటివి. హృద్రోగ చికిత్సలో రక్తనాళం గుండా సన్నని గొట్టాన్నో, తీగనో నేరుగా గుండెలోనికి ప్రవేశపెట్టే సందర్భాలుంటాయి. అప్పుడు చర్మపు నిరోధం తోడు ఉండదు. విద్యుత్తు చెదరక నేరుగా గుండె కండరాన్నే చేరుతుంది. అటువంటి స్థితిలో కొన్ని పదుల మైక్రో ఆంపియర్లు సైతం హృదయ లయను భంగపరచగలవు. ఒక మైక్రో ఆంపియర్ మిల్లీ ఆంపియర్‌లో వెయ్యవ వంతు. చేతికి తెలియను కూడా తెలియని ఆ విద్యుత్తు గుండెకు ప్రాణాంతకం కావచ్చు.

అందువల్లనే వైద్య విద్యుత్ పరికరాల భద్రతకై అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం ప్రత్యేక ప్రమాణాన్ని రూపొందించింది. అది 1977లో తొలిసారి వెలువడి, అనంతరం పలుమార్లు సవరణలు పొందింది. దాని ప్రకారం గుండెను నేరుగా తాకదగిన పరికర భాగం సీఎఫ్ అనే తరగతికి చెందుతుంది. ఆ భాగం నుండి రోగిలోనికి కారే ఏకాంతర విద్యుత్తు సాధారణ స్థితిలో 10 మైక్రో ఆంపియర్లకు మించరాదు. యంత్రంలో ఏదైనా ఒక లోపం ఏర్పడినప్పుడు కూడా అది 50 మైక్రో ఆంపియర్లను దాటరాదు. ఈ రెండు అంకెలే వివిక్త వర్ధకాన్ని రూపొందించే ఇంజనీరుకు లక్ష్మణరేఖలు.

రెండు గట్లు, ఒక ఏరు

వివిక్త వర్ధకాన్ని ఏటికి ఇరువైపులా ఉన్న రెండు పల్లెలతో పోల్చవచ్చు. ఒక గట్టున రోగిని తాకే వలయం, రెండవ గట్టున ప్లగ్గుతో సంబంధం గల వలయం ఉంటాయి. నడుమ వంతెన లేదు. ఉండరాదు కూడా. ఆ ఏరే బంధక ప్రాకారం. అయినా ఈ గట్టు నుండి ఆ గట్టుకు రెండింటిని దాటించక తప్పదు. ఒకటి గుండె సంకేతం, రెండవది శక్తి.

సంకేతాన్ని దాటించడానికి మూడు ఉపాయాలున్నవి. దానిని కాంతిగా మార్చి, ఆవలి గట్టున మరల విద్యుత్తుగా మార్చుకొనడం మొదటిది. చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌లోని అయస్కాంత క్షేత్రం ద్వారా పంపడం రెండవది. ఒకటి రెండు పికోఫారడ్ల అతి చిన్న కెపాసిటర్ల ద్వారా వేగవంతమైన స్పందనల రూపంలో పంపడం మూడవది. ఈ మూడింటిలోనూ లోహానికి లోహం తగలదు. సంకేతం సమాచారమే కనుక దానిని దాటించడానికి అత్యల్ప శక్తి సరిపోతుంది.

శక్తిని దాటించడం అంత సులభం కాదు. రోగి వైపున ఉన్న వర్ధకం పనిచేయాలంటే దానికి నిరంతరం విద్యుత్తు కావాలి. బ్యాటరీని ఉంచడం ఒక మార్గం. అది శ్రేష్ఠమైన వివిక్తతను ఇస్తుంది. కాని దినమంతా ఆగకుండా పనిచేయవలసిన యంత్రానికి బ్యాటరీ ఒక్కటే చాలదు. అందుచేత అత్యధిక యంత్రాలలో ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆశ్రయిస్తారు. ఈవలి గట్టున ఏకముఖ విద్యుత్తును సెకనుకు లక్షలసార్లు తెగ్గొట్టి, ఆ స్పందనలను ట్రాన్స్‌ఫార్మర్‌కు అందిస్తారు. ఆవలి గట్టున రెండవ చుట్టలో పుట్టిన విద్యుత్తును డయోడులతో ఏకముఖంగా మార్చుకొంటారు. పౌనఃపున్యం ఎంత హెచ్చుగా ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ అంత చిన్నదిగా, తక్కువ చుట్లతో సరిపోతుంది. ఆ చిన్నదనం వల్ల కలిగే మేలు స్థలాన్ని ఆదా చేయడం ఒక్కటే కాదు. దాని ప్రయోజనం రక్షణకు సంబంధించినది.

కనిపించని కెపాసిటర్

ట్రాన్స్‌ఫార్మర్‌లోని రెండు చుట్టలూ రాగి తీగలే. వాటి నడుమ బంధకం ఉన్నది. రెండు వాహకాలు, నడుమ బంధకం అంటే కెపాసిటర్ కదా! ఎవరూ కొనని, ఎవరూ అతకని, వలయ చిత్రంలో ఎక్కడా కనిపించని కెపాసిటర్ అక్కడ తనంతట తానే ఏర్పడి ఉన్నది. అది ఏకాంతర విద్యుత్తుకు దారి ఇస్తుంది.

ఆ దారి ఎంత విశాలమైనదో లెక్కించవచ్చు. కెపాసిటర్ గుండా పోయే విద్యుత్తు విలువ కావాలంటే వోల్టేజిని, పౌనఃపున్యాన్ని, కెపాసిటర్ విలువను గుణించి, ఆ లబ్ధాన్ని 6.28తో హెచ్చవేయాలి. ప్రాకారానికి ఒకవైపు 230 వోల్టుల, 50 హెర్ట్జ్ విద్యుత్తు, మరొకవైపు భూమితో సంబంధం గల రోగి ఉన్నట్లు భావించి, నడుమనున్న కెపాసిటర్ విలువ 100 పికోఫారడ్లు అయినచో, కారే విద్యుత్తు 7.2 మైక్రో ఆంపియర్లు. పది మైక్రో ఆంపియర్ల హద్దుకు అది మిక్కిలి చేరువ. 140 పికోఫారడ్లకు చేరేసరికి ఆ హద్దు దాటిపోతుంది. చుట్టల మధ్యనే కాక, తీగల మధ్య, వలయ ఫలకం మీది రాగి రేఖల మధ్య ఏర్పడే స్వల్ప కెపాసిటర్లన్నీ ఈ మొత్తానికి తోడవుతాయి. కంటికి కనిపించని భాగమే రోగి భద్రతను నిర్ణయిస్తుందని దీనివల్ల స్పష్టమవుతున్నది.

కాబట్టి వివిక్త విద్యుత్ సరఫరా రూపకల్పనలో తొలి సూత్రం ఈ అదృశ్య కెపాసిటర్‌ను తగ్గించడమే. ఇందుకై రెండు చుట్టలను ఒకదానిపై ఒకటి చుట్టక, ఒకే వలయాకారపు కోరు మీద ఎడంగా చుడతారు. చుట్ల సంఖ్యను తగ్గిస్తారు. ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదైనచో కలిగే అసలు మేలు ఇదే. రెండు వైపుల రాగి రేఖలు ఫలకం మీద దగ్గరగా పోకుండా చూస్తారు. 230 వోల్టుల ఇళ్ళ విద్యుత్తు నుండి రోగికి రెండింతల రక్షణ కల్పించే ప్రాకారంలో, ఫలకపు ఉపరితలం వెంబడి రెండు వైపుల లోహాల మధ్య కనీసం 8 మిల్లీమీటర్ల ఎడం ఉండాలనీ, ఆ ప్రాకారం 4,000 వోల్టుల పరీక్షకు తట్టుకోవాలనీ ప్రమాణం నిర్దేశిస్తున్నది. ఆ ఎనిమిది మిల్లీమీటర్ల మేర ఫలకం మీద ఏ భాగమూ, ఏ రేఖా ఉండదు. చూచేవారికి అది ఖాళీ స్థలం. నిజానికి అదే కంచె.

ట్యాంకు, బిందె

రెండవ ప్రశ్న ద్వీపానికి చేరిన శక్తిలోని అలజడికి సంబంధించినది. సెకనుకు లక్షలసార్లు తెగి అతుకుతూ వచ్చిన విద్యుత్తులో చిన్న చిన్న అలలు మిగిలి ఉంటాయి. వాటి ఎత్తు పదుల మిల్లీవోల్టులు ఉండవచ్చు. గుండె సంకేతమేమో ఒక్క మిల్లీవోల్టు. మంచి వర్ధకం తన సరఫరాలోని ఒడిదుడుకులను చాలా వరకు లెక్కచేయదు. కాని ఆ ఓర్పు నిదానంగా మారే వాటి పట్లనే. పౌనఃపున్యం పెరిగిన కొద్దీ అది క్షీణిస్తుంది. సరిగ్గా ఇక్కడ వచ్చే అలలన్నీ హెచ్చు పౌనఃపున్యం గలవే.

ఇంతేకాక ద్వీపంలోని చిప్పులు కూడా విద్యుత్తును ఒకే తీరుగా తీసుకోవు. సంకేతాన్ని అంకెలుగా మార్చే చిప్పు, ప్రాకారం మీదుగా స్పందనలను పంపే చిప్పు ఒక్కొక్క క్షణంలో హఠాత్తుగా అధిక విద్యుత్తును కోరుతాయి. ఆ కోరిక నానోసెకనులలో, అంటే సెకనులో వంద కోట్లవ వంతులలో, తీరాలి.

వేసవిలో ఊరి చివరి ట్యాంకు నిండుగా ఉన్నప్పటికీ వంటింటిలో దాహమైన వ్యక్తికి ఆ నీరు వెంటనే అందదు. గొట్టం పొడవు, వంపులు నీటి రాకను ఆలస్యం చేస్తాయి. వంటింటి బిందెలోని నీరు తక్కువే అయినా ఆ క్షణపు దాహాన్ని తీరుస్తుంది. అనంతరం గొట్టం ద్వారా వచ్చే నీరు బిందెను నింపుతుంది. చిప్పు పక్కనే అమర్చే చిన్న కెపాసిటర్ ఇటువంటి బిందెయే. దీనిని డీకప్లింగ్ కెపాసిటర్ అంటారు. ఒక చిప్పు పుట్టించిన అలజడి సరఫరా తీగల ద్వారా మరొక చిప్పును చేరకుండా వాటి మధ్య పొత్తును విడదీసేది కనుక దీనికి ఆ పేరు వచ్చింది.

ఈ ఉపమానంలోని గొట్టం పొడవుకు వలయంలో సమానమైనది ప్రేరకత్వం. రాగి రేఖ ఎంత చిన్నదైనా హఠాత్తుగా మారే విద్యుత్తును అది ప్రతిఘటిస్తుంది. సన్నని రేఖకు మిల్లీమీటరుకు సుమారు ఒక నానోహెన్రీ ప్రేరకత్వం ఉంటుందని స్థూలంగా లెక్కిస్తారు. ఒక చిప్పు పది నానోసెకనులలో 50 మిల్లీ ఆంపియర్లను కోరినదనీ, సరఫరా పది సెంటీమీటర్ల దూరంలో ఉన్నదనీ భావిస్తే, ఆ రేఖ మీద అర వోల్టు పడిపోతుంది. చిప్పుకు రెండు మిల్లీమీటర్ల దూరంలోనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉన్నచో రేఖ మీద పడేది పది మిల్లీవోల్టులు, కెపాసిటర్ తన నిలువలో కోల్పోయేది ఐదు మిల్లీవోల్టులు మాత్రమే. కెపాసిటర్ విలువ ఎంత అన్నదాని కంటె అది ఎక్కడ ఉన్నది అన్నదే ముఖ్యమని ఈ లెక్క తెలుపుతున్నది. మంచి కెపాసిటర్‌ను కొని దూరంగా అతికిన వలయం, నిండు బిందెను పొరుగింట ఉంచుకొన్న గృహం వంటిది.

బిందె ఒక్కటే ఉంటే చాలదు, ట్యాంకూ కావాలి. అందువల్ల ద్వీపంలో సరఫరా ప్రవేశించే చోట పది మైక్రోఫారడ్ల స్థాయి పెద్ద కెపాసిటర్‌ను, ప్రతి చిప్పు చెంతా 0.1 మైక్రోఫారడ్ చిన్న సిరామిక్ కెపాసిటర్‌ను అమర్చడం ఆచారం. పెద్దది నిదానమైన ఒడిదుడుకులను, చిన్నది వేగవంతమైన వాటిని అణచుతాయి. ఈ రెండింటికీ ముందు ఒక చిన్న తీగచుట్టను, దానికి అటూ ఇటూ కెపాసిటర్లను అమర్చి, ట్రాన్స్‌ఫార్మర్ నుండి వచ్చే అలలను వడగట్టడం మరింత మేలైన పద్ధతి.

ఈ వడపోత లేనప్పుడు కలిగే ఒక చిక్కు ఆలోచింపదగినది. సంకేతాన్ని సెకనుకు 5,00,000 సార్లు మాదిరి తీసి ఆవలి గట్టుకు పంపే వర్ధకం ఒకటి ఉన్నదనుకొంటే, దానికి శక్తినిచ్చే సరఫరా సెకనుకు 5,00,010 సార్లు తెగి అతుకుతూ ఉన్నచో, ఆ రెండింటి తేడాకు సమానమైన పది హెర్ట్జ్ అల ఒకటి కొత్తగా పుట్టుకొని వస్తుంది. దగ్గర దగ్గర శ్రుతులున్న రెండు తీగలను ఒకేసారి మీటినప్పుడు నాదం హెచ్చుతూ తగ్గుతూ వినిపించడం వంటిదే ఇది. లక్షల హెర్ట్జ్‌ల అలను తరువాతి దశలో తొలగించవచ్చు. కాని పది హెర్ట్జ్ అల గుండె సంకేతపు పరిధిలోనే ఉన్నది. దానిని తొలగించబోతే గుండె సంకేతమూ తొలగిపోతుంది. ఈసీజీ కాగితం మీద ఒక మిల్లీమీటరు ఎత్తు 0.1 మిల్లీవోల్టుకు సమానం. గీతలో అంత స్వల్పమైన తేడాను బట్టే వైద్యులు గుండెపోటు లక్షణాలను గుర్తించవలసి వస్తుంది. అటువంటి కాగితం మీద యంత్రం పుట్టించిన దొంగ అల ఒకటి చేరితే నిజమేదో తెలుసుకొనడం కష్టమవుతుంది. లేని వ్యాధి ఉన్నట్లూ, ఉన్న వ్యాధి లేనట్లూ పొరబడే ప్రమాదం కలదు.

కంచే చేను మేస్తే

అలజడిని అణచే ప్రయత్నంలో ఒక ప్రలోభం పొంచి ఉన్నది. ట్రాన్స్‌ఫార్మర్ తెగి అతికే ప్రతిసారీ కొంత వేగవంతమైన విద్యుత్తు అదృశ్య కెపాసిటర్ గుండా ఆవలి గట్టుకు దూకుతుంది. అది తిరిగి వచ్చే దారి కోసం వెదకుతూ రోగి శరీరాన్నీ, తీగలనూ ఆశ్రయిస్తుంది. దాని వల్ల గీతలో చెదరుడు కనిపిస్తుంది. రెండు గట్ల నేలలను కలుపుతూ, అంటే ప్రాకారానికి అడ్డంగా, ఒక కెపాసిటర్‌ను అతికినచో ఆ విద్యుత్తుకు తిరుగుదారి దొరికి గీత ప్రశాంతమవుతుంది. సాధారణ గృహోపకరణాల సరఫరాలలో ఇటువంటి కెపాసిటర్ ఉండడం కద్దు. అక్కడ అది దోషం కాదు.

గుండెను తాకే యంత్రంలో మాత్రం అది కంచే చేను మేసినట్లు అవుతుంది. అటువంటి చోట్ల వాడుకలో ఉన్న 4,700 పికోఫారడ్ల కెపాసిటర్ గుండా 230 వోల్టుల వద్ద కారే విద్యుత్తు సుమారు 340 మైక్రో ఆంపియర్లు. సాధారణ స్థితిలో అనుమతించిన పదికి అది ముప్పై నాలుగు రెట్లు. లోపం ఏర్పడినప్పుడు అనుమతించిన యాభైకి కూడా ఆరు రెట్లకు మించినది. గీత చక్కగా ఉంటుంది, యంత్రం మౌనంగా ఉంటుంది, రోగికి మాత్రం రక్షణ ఉండదు. ఎవరి కంటికీ లోపం కనిపించకపోవడమే ఇందులోని అసలు ప్రమాదం.

అందువల్ల డీకప్లింగ్‌కు సంబంధించిన ప్రధాన నియమం ఒకటి ఏర్పడింది. ఏ గట్టు కెపాసిటర్ ఆ గట్టు నేలకే చేరాలి. రోగి వైపు కెపాసిటర్లన్నీ ద్వీపపు నేలకు, ప్లగ్గు వైపు కెపాసిటర్లన్నీ తమ వైపు నేలకు మాత్రమే కలపాలి. ఒక గట్టు కెపాసిటర్ పొరపాటున రెండవ గట్టు నేలను తాకినచో, సంవత్సరాల కృషితో కట్టిన ప్రాకారానికి ఒక్క అతుకుతో గండి పడినట్లే. ప్రాకారం దాటి వచ్చే అలజడిని తగ్గించాలంటే దానిని పుట్టినచోటనే తగ్గించాలి. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టల నడుమ కవచాన్ని ఉంచడం, విద్యుత్తును మరీ హఠాత్తుగా కాక కొంత నెమ్మదిగా తెగ్గొట్టడం, ద్వీపంలోనే వడపోతను బలపరచడం ఇందుకు సరియైన మార్గాలు.

కెపాసిటర్ల ఎంపిక, ఆయువు

కెపాసిటర్‌పై అచ్చయిన విలువే దాని నిజమైన విలువ అని భావించరాదు. చిన్న పరిమాణంలో పెద్ద విలువను ఇచ్చే కొన్ని సిరామిక్ కెపాసిటర్లు, తమ వోల్టేజి హద్దుకు సమీపంలో పనిచేసినప్పుడు సగానికి పైగా సామర్థ్యాన్ని కోల్పోవచ్చు. కనుక అవసరమైన దానికంటె హెచ్చు వోల్టేజి హద్దు గలదానిని ఎన్నుకొంటారు. టాంటలం కెపాసిటర్లు పరిమాణంలో చిన్నవి, విలువలో స్థిరమైనవి. అయితే ధన, ఋణ ధ్రువాలు తారుమారైనా, వోల్టేజి హద్దు మీరినా అవి కాలిపోయే ప్రమాదం కలదు. ద్రవపదార్థం గల అల్యూమినియం కెపాసిటర్లు చౌక. వాటిలోని ద్రవం వేడిమికి క్రమంగా ఎండిపోతుంది. పనిచేసే ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయువు సుమారు సగమవుతుందని ఇంజనీర్ల అనుభవసూత్రం.

ఈ సూత్రం వైద్యశాలలకు నేరుగా వర్తిస్తుంది. ఏటా తీవ్రమైన వేసవిని చవిచూచే ప్రాంతాలలో, గాలి ఆడని మూల ఉంచిన యంత్రంలోని కెపాసిటర్లు త్వరగా వృద్ధాప్యాన్ని పొందుతాయి. యంత్రం ఒక్కసారిగా ఆగిపోదు. గీత క్రమంగా కలత చెందుతుంది. మరమ్మతు చేసేవారు పాత కెపాసిటర్‌ను తీసి కొత్తదానిని అమర్చేటప్పుడు దాని విలువను, వోల్టేజి హద్దును, ధ్రువాలను మాత్రమే కాక, అది ఏ గట్టుకు చెందినదో కూడా చూడాలి. పని ముగిసిన పిదప గీత సరిగా వస్తున్నదని తృప్తిపడక, రోగి తీగల నుండి కారే విద్యుత్తును ప్రత్యేక పరికరంతో కొలిచిన తరువాతనే యంత్రాన్ని వైద్యునికి అప్పగించాలి. గీత సరిగా ఉండడం ఒక పరీక్ష, రోగి సురక్షితంగా ఉండడం మరొక పరీక్ష. మొదటిదానిలో నెగ్గిన యంత్రం రెండవదానిలో నెగ్గుతుందన్న హామీ లేదు.

ఈసీజీ యంత్రంపై రోగి తీగలను తగిలించే చోట, చతురస్రంలో బంధించిన చిన్న హృదయపు గుర్తు కనిపిస్తుంది. సీఎఫ్ తరగతికి అదే చిహ్నం. కొన్ని యంత్రాలలో దానికి ఇరువైపులా రెండు చిన్న గుర్తులు అదనంగా ఉంటాయి. లయ తప్పి వణకుతున్న గుండెను తిరిగి లయలోనికి తేవడానికి రోగి ఛాతీపై ఇచ్చే వేల వోల్టుల ఘాతాన్ని సైతం ఆ యంత్రం తట్టుకొనగలదని వాటి అర్థం. అంటే ప్రాకారం రోగిని యంత్రం నుండి కాపాడడమే కాక, యంత్రాన్ని ఆ ఘాతం నుండి కాపాడుతుంది.

చూడడానికి అలంకారంవలె ఉండే ఆ గుర్తు వెనుక ఎడంగా చుట్టిన రాగి తీగలు, ఖాళీగా విడిచిన ఎనిమిది మిల్లీమీటర్ల స్థలం, ప్రతి చిప్పు చెంతా నిలిచిన మిరియపు గింజంత కెపాసిటర్లు ఉన్నవి. వాటిని ఉండవలసిన చోట ఉంచిన ఇంజనీరు, మరమ్మతులో సైతం ఆ చోటును మార్చని సాంకేతిక నిపుణుడు రోగికి కనిపించరు. గుండెను చేరే విద్యుత్తు పది మైక్రో ఆంపియర్లకు మించదన్న మాటను నిలబెట్టేది వారే.